నంబరు రాయని ఒక్క పేరు

పాలమూరు,
కార్తీక సోమవారం, పొద్దున.

మా యాదక్కకు, నీ చెల్లె ఆండాలు రెండు చేతులూ జోడించి మొక్కి రాసేది.

అక్కా, ఎట్లా ఉన్నావు? మోకాళ్ల నొప్పి తగ్గిందా, లేక నాకు చెప్పకుండా దాస్తున్నావా? దవాఖానకు పోయి చూపించుకోమని మా సునీత ఫోన్లో చెప్పిందట, పోయావా లేదా రాయి. బావ దగ్గు ఎట్లుంది? పొద్దున పూట చన్నీళ్లు పోసుకోనీయకు. మొన్న మన పోచంపల్లి దిక్కు పెద్ద వాన కొట్టిందని విన్నాను. మగ్గం గుంతలోకి నీళ్లు రాలేదు గదా? నీ కొడుకు శ్రీనుతో చెప్పి పడుగు మీద కవరు కప్పించు. చెప్పకపోయినా కప్పుతాడు, అయినా చెప్పు. కోడలు పద్మకు ఏడో నెల పడ్డది గదా, బిందెలు ఎత్తనీయకు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకొని దిగమను.

నేను బాగున్నాను. నా మనవరాలు స్రవంతి బాగుంది. మా గురించి ఏ ఫికరూ పెట్టుకోకు. ఫోను ఉండగా ఈ ఉత్తరమెందుకని అనుకుంటావేమో. ఫోన్లో మనిద్దరం తిన్నవా, పండుకున్నవా అని అడుక్కునే సరికే సగం అయిపోతుంది. మిగిలిన సగంలో బావ పిలుస్తాడు, నువ్వు పెట్టేస్తావు. నేను చెప్పాల్సింది జర పొడుగు ఉంది. ఐదో తరగతి చదువు నాది, అక్షరాలు వంకరపోతే సర్దుకొని చదువు. స్రవంతి గీతల కాగితాలు కొనుక్కొచ్చి ఇచ్చింది.

మేము ఈ ఊరొచ్చి నాలుగు నెలలు దాటింది. నీకు తెలిసిందే, సునీత, అల్లుడు ఇద్దరూ చౌటుప్పల్‌లో మందుల ఫ్యాక్టరీకి పోతారు, వాళ్లకు వచ్చే వీలు లేదు. పిల్లకు ఇక్కడి కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం వచ్చిందనగానే, ఒక్కతిని పంపడానికి నాకు మనసొప్పలేదు. నేను పోతానని నేనే అన్నాను. అన్నాక వారం రోజులు నిద్ర పట్టలేదు. పట్నంలో బస్సు మారేటప్పుడు పిల్ల ఎక్కడ తప్పిపోతుందోనని దాని దుపట్టా కొస పట్టుకునే నడిచాను. అది నవ్వి, "అమ్మమ్మా, నేను కాదు, నువ్వు తప్పిపోతవని నాకు భయం" అన్నది.

ఒక ఇంటి మీది అంతస్తులో కిరాయికి ఉన్నాం. ఇంటామె పేరు బాలమ్మ. మంచి మనిషి, నోరు మాత్రం గట్టిది. మొదటి రోజు నా మూటలు చూసి, "మావోళ్లు ఊర్లకూర్లు పాలమూరు ఇడిసి బొంబాయికి, పూనాకు పనికి వోతరు. నువ్వేందమ్మా, అందరికి ఎదురొచ్చినవ్?" అని అడిగింది. నేనేమనాలో తెలియక, "మా పిల్ల పని ఈడనే ఉన్నది" అన్నాను. "అయితె పాలమూరుకు మంచి రోజులొచ్చినట్టే" అని నవ్వి ఆ పూటకు జొన్నరొట్టెలు పంపింది.

ఇక్కడ జొన్నరొట్టె మనకంటే పలచగా, పెద్దగా చేస్తారు. నాకు ఇంకా చేత కాలేదు, అంచులు పగులుతున్నాయి. ఎండ మన దగ్గర కంటే ఎక్కువే ఉండేది, ఇప్పుడు చలి మొదలయింది. నీళ్లు ఒక రోజు విడిచి ఒక రోజు వస్తాయి, పట్టి పెట్టుకుంటున్నాం. ఆరోగ్యాలకు ఏ ఢోకా లేదు. ఒక్కటే, పొద్దున లేవగానే మగ్గం చప్పుడు వినపడదు. మొదటి నెలంతా నిద్రలోనుంచి ఉలిక్కిపడి లేచి, మగ్గం ఎందుకు ఆగింది, ఎవరికేమయింది అనుకునేదాన్ని. ఇప్పుడు అలవాటయింది. కొంచెం అలవాటయింది.

స్రవంతి ఉద్యోగం సంగతి నీకు సరిగ్గా చెప్పలేదు. చేరేటప్పుడు ఆరు నెలలు పని చూస్తామన్నారట. నచ్చితే ఉంచుకుంటారు, నచ్చకపోతే పొమ్మంటారు. నాలుగు నెలలు అయిపోయాయి. మిగిలినవి గట్టెక్కాలని నేను రోజూ యాదగిరి నరసింహస్వామికి మొక్కుతున్నాను. పిల్లకు చెప్పలేదు, చెబితే కోప్పడుతుంది.

వారంలో రెండు రోజులు అది ఇంట్లోనే కూర్చొని పని చేస్తుంది. నేను బియ్యం ఏరుకుంటూ, చిక్కుళ్లు ఒలుచుకుంటూ పక్కనే కూర్చుంటాను. కంప్యూటర్ పని అంటే తెర చూసుకుంటూ కూర్చోవడమే అనుకున్నాను అక్కా. అది కాదు. మన పనికన్నా ఎక్కువ ఓపిక కావాలి. ఒక్క చుక్క తప్పిపోతే మొత్తం ఆగిపోతుంది, ఏ చుక్కనో వెతకాలి. పిల్ల విసుక్కోదు. మళ్లీ మొదటి వరుస నుంచి చదువుతుంది. నేను దాని వయసులో నూలు పోసే ఆసు మీద పోగు తెగితే ఎంత గొణిగేదాన్నో నీకు తెలుసు.

వీళ్లు చేస్తున్నది మందుల గోదాముకు ఒక ప్రోగ్రాం. ఏ మందు ఎంత ఉంది, దేని తారీఖు దాటిపోతున్నది అని చూపిస్తుంది. ఆ ప్రోగ్రాం ఒక్కటే ఉంటే నడవదట. ఎక్కడెక్కడి వాళ్లో రాసిపెట్టిన చిన్న చిన్న ప్రోగ్రాంలు దానికి ఆసరా కావాలి. తారీఖులు చదవడానికి ఒకటి, కాగితం మీద అచ్చు వేయడానికి ఒకటి, అట్లా. వాటిని లైబ్రరీలు అంటారు. నేను అడిగాను.

"అన్ని మీరే రాసుకోరాదానే? పరాయోళ్ల మీద ఎందుకు ఆధారపడుడు?"

"నువ్వు నూలు వడికినవా అమ్మమ్మా? రంగు పొడి చేసినవా? కొనుక్కొచ్చి నేసినవ్ గద. ఇది గూడ గంతే."

ఆ మాటతో నాకు అర్థమయింది. తర్వాత ఇంకొకటి చెప్పింది. ఆ లైబ్రరీలు రాసినవాళ్లు ఊరుకోరట, మారుస్తూ ఉంటారు. మార్చినప్పుడల్లా కొత్త నంబరు వేస్తారు. పాత నంబరుతో మంచిగా నడిచిన ప్రోగ్రాం కొత్త నంబరుతో మొరాయించవచ్చు. అందుకని ఏ లైబ్రరీ, ఏ నంబరు అని ఒక లిస్టు రాసి పెట్టుకుంటారు. ఆ లిస్టు చూసి, కావలసినవన్నీ ప్రోగ్రాంతో పాటు ఒక పెట్టెలో సర్దుతారు. చేత్తో పట్టుకునే పెట్టె కాదు, కంప్యూటర్ లోపలే ఉండే పెట్టె. దాన్ని కంటైనర్ అంటారు. ఆ పెట్టెను ఎవరి కంప్యూటర్లో తెరిచినా లోపల అవే సామాన్లు ఉంటాయి కాబట్టి ఒక్క తీరుగానే నడుస్తుంది. మొదట్లో ఈ పెట్టెలు లేనప్పుడు, నా దాంట్లో నడుస్తున్నది, నీ దాంట్లో ఎందుకు నడవదు అని రోజూ పంచాయితేనట. ఆ కంపెనీలో పెట్టెల పని, లిస్టుల పని మన స్రవంతికే ఇచ్చారు. చేరిన నెలకే ఇచ్చారంటే చూడు. నేను బాలమ్మకు కూడా చెప్పాను. రెండుసార్లు చెప్పినట్టున్నాను.

ఇక అసలు సంగతి. మూడు వారాల కింద ఆఫీసులో కొత్తపిల్ల చేరింది. పేరు రేష్మ, జడ్చర్ల నుంచి రోజూ బస్సులో వస్తుంది. నాన్న లేడు, తల్లి మిషన్ కుడుతుంది. ఆ పిల్లకు కొత్త కంప్యూటర్ ఇచ్చి, స్రవంతి లిస్టు ఇచ్చి, పెట్టె తయారు చేసుకొని పని మొదలుపెట్టమన్నారు. ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టే చేసింది. పెట్టె తెరవగానే తెర నిండా ఎర్ర అక్షరాలు. నడవదు. మిగతా అందరి దాంట్లో మంచిగా నడుస్తున్నది, ఈ పిల్ల దాంట్లోనే నడవదు. రెండు రోజులు చూశారు, మూడు రోజులు చూశారు. వాళ్ల పై సారు సురేందర్ అందరి ముందు అన్నాడట, "అందరికి వచ్చింది నీకే రాకపాయె. అడిగినవన్ని వచ్చని ఇంటర్వ్యూల చెప్పినవ్ గద? సోమవారం దాంక చూస్త. గురువారం గోదాము వాళ్లు చూడనీకి వస్తున్నరు. అప్పటికి నీ పని నీకు చాతకాకుంటె, నేను వేరే మనిషిని చూసుకుంట."

స్రవంతి ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చొని కలపనే లేదు. "ఆ పిల్ల నేను ఇచ్చిన లిస్టే చూసుకుంట చేసింది అమ్మమ్మా. నాకేందో మనసు గుంజుతాంది" అన్నది. ఆదివారం ఆ పిల్లను మన రూముకు రమ్మని పిలిచింది.

రేష్మ వచ్చింది. సన్నగా, పొట్టిగా, పద్మ చెల్లెలి లాగా ఉంటుంది. నాకు సలాం అన్నది, చెప్పులు గడప బయట వరుసగా విడిచింది. కండ్లు ఉబ్బి ఉన్నాయి. నేను సర్వపిండి చేసి పెట్టాను. ఒక ముక్క తిని, "మా అమ్మ గూడ చేస్తది దాదీ, గింత మెత్తగ రాదు" అన్నది. నా సంతోషం కోసం అబద్ధం ఆడిందో ఏమో గానీ నాకు పిల్ల నచ్చింది.

ఇద్దరూ చాప మీద ఎదురెదురుగా రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టుకొని కూర్చున్నారు. స్రవంతి ఆ పిల్లను ఒక్క మాట అనలేదు. "నువ్వు మొదటికెల్లి చెయ్యి, నేను ఊకె చూస్త" అన్నది. రేష్మ చేసింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. స్రవంతి అదే పని తన దాంట్లో చేసింది. మంచిగా నడిచింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. మన పిల్లది తప్పు కాదని.

అప్పుడు స్రవంతి తన పెట్టె కట్టిన తారీఖు తీసి చూసింది. చూసి, "రేష్మా, నాది నిజంగ కొత్తగ కట్టలేదే. మూడు నెలల కింద కట్టిన పెట్టెనే దాచిపెట్టుకొని, అదే తెరుస్తాంది. నేను కట్టిన అనుకుంటున్న గానీ, అది పాతదే తీసిస్తున్నది" అన్నది. అని తన పాత పెట్టె తీసేసింది. దాచుకున్నవన్నీ తుడిచేసి మళ్లీ మొదటి నుంచి తయారు చేసింది. పది నిమిషాలు పట్టింది. తెరిచింది. దాని తెర మీద కూడా ఎర్ర అక్షరాలు.

నేను లేచి నిలబడి తిట్టాను. "మంచిగ నడిచేదాన్ని ఎందుకు కదిలిచ్చినవే? ఉన్న ఒక్కటి గూడ చెడగొట్టుకుంటివి. ఇప్పుడు ఇద్దరియి పోయె."

అది నా దిక్కు తిరిగి నవ్వింది. "చెడగొట్టలే అమ్మమ్మా. చెడింది ఇప్పుడు కనపడ్డది."

అప్పటికి గానీ నాకు తట్టలేదు, ఆఫీసులో అందరి దగ్గర ఉన్నవీ పాత పెట్టెలే. అందుకే అందరి దాంట్లో నడుస్తున్నది. రేష్మకు పాత పెట్టె లేదు, కొత్తగా కట్టుకుంది కాబట్టి తప్పు ఆ పిల్ల దగ్గర బయటపడ్డది. తప్పు చేసింది ఆ పిల్ల కాదు, తప్పు ముందుగా చూసింది ఆ పిల్ల.

తర్వాత ఇద్దరూ లిస్టు ముందు పెట్టుకొని ఒక్కొక్క పేరు చదివారు. ఒకరు చదవడం, ఒకరు సరి చూడడం. పదిహేడు పేర్లు. పదహారింటికి ఎదురుగా నంబరు ఉంది. తారీఖులు చదివే లైబ్రరీ పేరు ముందు మాత్రం నంబరు లేదు. నంబరు రాయకపోతే ఆ రోజు ఏది కొత్తగా ఉంటే అదే వచ్చి పెట్టెలో కూర్చుంటుందట. మూడు నెలల కింద పాతది వచ్చి కూర్చుంది. నెల కింద దాన్ని రాసినవాళ్లు మార్చారు. రేష్మకు కొత్తది వచ్చింది. మన ప్రోగ్రాం దానితో మాట్లాడలేకపోయింది.

ఆ లిస్టు రాసింది స్రవంతి. ఆ వరుస కూడా స్రవంతి రాసిందే. రోజు, సమయం, రాసినవాళ్ల పేరుతో సహా అందులోనే ఉంటుందట.

రేష్మ నీళ్లు తాగుతానని లేచి వంటింట్లోకి పోయింది. నేను స్రవంతి పక్కన కూర్చొని చెవిలో చెప్పాను. నేను చెప్పింది నీకు దాచను అక్కా, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"బిడ్డా, గా నంబరు ఇప్పుడే రాసెయ్. సప్పుడు చెయ్యకు. రేపు రేష్మ దాంట్ల నడుస్తది, ఆ పిల్ల నౌకరి ఉంటది, నీది ఉంటది. ఎట్ల బాగయిందని ఎవరడుగుతరు?"

"రేష్మకు పని రాదన్న మాట అట్లనే ఉంటది గద అమ్మమ్మా. సారు అందరి ముంగట అన్నడు."

"అంటే ఏమాయె, నాలుగొద్దులకు మర్చిపోతరు. నీకు ఇంక రెండు నెలలు ఉన్నయి. నువ్వు చెప్తే నిన్నే పొమ్మంటె ఎట్ల? మీ అమ్మకు నేనేం చెప్పాలె?"

అది నా చేయి పట్టుకుంది. "మర్చిపోరు. కొత్తగ ఏదన్న చెడితే ఫస్టు రేష్మ దిక్కే చూస్తరు. ఏడాదైనా గట్లనే చూస్తరు. ఒక్కసారి పేరు పడితే పోదు అమ్మమ్మా."

ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో దానికి తెలియదు. నేను లేచి పొయ్యి దగ్గరికి పోయాను.

సాయంత్రం దాకా కూర్చొని ఇద్దరూ సరిచేశారు. ఆ ఒక్క నంబరు రాసి ఊరుకోలేదు. ఆ పదిహేడు లైబ్రరీలకు మళ్లీ వాటి వెనక కావలసినవి ఉంటాయట, వాటి నంబర్లు కూడా రాశారు. వంద దాటాయి. ఇక ఎవరు ఎప్పుడు కట్టినా, చెప్పిన నంబరే వస్తుంది తప్ప ఇంకొకటి రాదు. అయిపోయాక రెండు కంప్యూటర్లలో ఉన్నదంతా తుడిచేసి, మొదటి నుంచి కట్టి చూశారు. రెండూ నడిచాయి. రేష్మ తెర మీద మందుల పేర్లు వరుసగా వస్తుంటే ఆ పిల్ల నోటికి దుపట్టా అడ్డం పెట్టుకుంది. నేను ఆ పిల్లను చూడలేక పక్కకు తిరిగాను.

మర్నాడు సోమవారం. పిల్ల పోయినప్పటి నుంచి నేను ఒక్క పని సరిగ్గా చేయలేదు. పప్పు మాడ్చాను. బాలమ్మ మెట్ల కింది నుంచి, "ఏందమ్మా, ఇల్లు తగలవెడుతున్నవా?" అని అరిచింది. సంగతి చెబితే వచ్చి నా పక్కన కూర్చుంది, "పోతె ఇంకోటి దొరుకుతది తీ, పిల్ల సక్కంది" అన్నది. ఆమె అన్నది ధైర్యానికే గానీ నాకు పోతె అన్న మాటే వినపడ్డది.

సాయంత్రం స్రవంతి వచ్చి చెప్పింది. పొద్దున అందరూ నిలబడి ఏ పని ఎంత అయిందో చెప్పుకుంటారట. దాని వంతు రాగానే, "రేష్మ తప్పు కాదు సార్. లిస్టుల నంబరు ఇడిసిపెట్టింది నేను. మీ అందరి దాంట్ల పాత పెట్టెలు ఉన్నయి కాబట్టి నడుస్తున్నది. ఒక్కసారి తుడిచి కట్టి చూడుండ్రి" అన్నది. సారు నమ్మలేదు. తన దాంట్లో తుడిచి, ముందు పాత లిస్టుతో కట్టి చూశాడు. ఆగిపోయింది. కొత్త లిస్టుతో కట్టాడు. నడిచింది. తర్వాత, "గురువారం గోదాము వాళ్ల కంప్యూటర్ల పెడితే గూడ గిట్లనే ఆగిపోతుండె. వాళ్లది గూడ కొత్తదే గద" అన్నాడట. నిజమే అక్కా. రేష్మ దగ్గర ఆగకపోతే వాళ్ల ముందు ఆగేది. సారు రేష్మ దిక్కు తిరిగి, "సారీ అమ్మా, నేను తొందరపడి అన్న" అన్నాడట. అందరి ముందే అన్నాడు.

స్రవంతిని మాత్రం వదలలేదు. దాని ఆరు నెలలను ఎనిమిది నెలలు చేశాడు. చేసిన తప్పుకు అదట. నేను విని ఏడ్చాను. అది ఏడవలేదు. "రెండు నెలలు ఎక్కువ చూస్తరు, చూడనీ. లిస్టుల పని నా దగ్గరికెల్లి తీసుకోలే" అన్నది. తీసుకోకపోగా, ఇప్పుడు కంపెనీలో ఉన్న అన్ని ప్రోగ్రాంల లిస్టులూ ఇదీ రేష్మా కలిసి చూస్తున్నారు. వారానికి ఒకసారి ఒక ఖాళీ కంప్యూటర్లో పాతవన్నీ తుడిచి, పెట్టెలన్నీ కొత్తగా కట్టి చూడాలని పద్ధతి పెట్టించింది. లైబ్రరీల నంబర్లు మార్చాలంటే కూడా తెలిసి మార్చాలి, చూసి మార్చాలి, ఒక్కటొక్కటిగా మార్చాలి తప్ప తెలియకుండా మారిపోకూడదంటుంది. గురువారం గోదాము వాళ్లు వచ్చి చూసి పోయారు, మంచిగా నడిచింది. ఉద్యోగం ఉంటుందో లేదో నాకు ఇంకా ఫికరే. నువ్వు పెట్టుకోకు. నేను పెట్టుకుంటున్నాను, చాలు.

ఇరవై మూడేండ్ల పిల్ల అక్కా. దాని ముందు తలెత్తలేకపోయాను. దాన్ని చూసి నేను ఎంత మురిసిపోయానో అంత సిగ్గుపడ్డాను. ఎందుకో ఇప్పుడు రాస్తాను.

మన పెండ్లిళ్లయిన కొత్తల్లో, మనిద్దరం ఆ అన్నదమ్ములిద్దరినీ చేసుకొని ఒక్క ఇంట్లో తోడికోడళ్లుగా ఉన్నప్పుడు, రంగు పని నీది. మోచేతుల దాకా ఎరుపు ఎక్కి ఉండేవి నీ చేతులు. ఒక పడుగుకు కావలసిన నూలంతా ఒకే డబ్బా రంగుతో, ఒకే గంగాళంలో, ఒకే రోజు ముంచాలని అత్త కట్టడి. ఆ ఎనిమిది చీరల ఆర్డరు గుర్తుందా? సగం నూలు నువ్వు ముంచావు. మధ్యాహ్నం రామన్నపేట నుంచి కబురొచ్చింది, అమ్మకు జ్వరమని. మిగిలింది నన్ను ముంచమని చెప్పి, ఎండలో నడుచుకుంటూ బస్సుకు పోయావు.

నేను డబ్బా ఎత్తుతుంటే చేయి జారింది. పొడి సగం కుడితి నీళ్లలో పడ్డది. అత్త చూస్తే చంపుతుందని భయం. పైట కొంగులో పైసలు ముడేసుకొని దుకాణానికి ఉరికాను. ఎరుపు కావాలన్నాను. డబ్బా మీద నంబరు ఉంటుందని, అదే నంబరు అడగాలని నువ్వు నాకు నూరుసార్లు చెప్పావు. నేను ఎరుపు అన్నాను, అతను ఎరుపు ఇచ్చాడు. తెచ్చి ముంచాను. తడి మీద రెండూ ఒక్క తీరుగానే కనపడ్డాయి. పాత డబ్బాను పెంటకుప్పలో పూడ్చాను. మర్నాడు నువ్వొచ్చి నీడన ఆరిన నూలు చిలపలన్నీ కలిపి సర్దావు.

మొదటి చీర మగ్గం దిగి ఎండలో పరిచినప్పుడు నడిమిట్ల గీత గీసినట్టు రెండు ఎరుపులు. అత్త అందరినీ పిలిచి చూపించింది. "రంగు పెద్దదాని పనే. కండ్లు నెత్తికెక్కినయి, తల్లిగారింటి యావల పడి నూలు ఆగం చేసింది" అన్నది. నువ్వు నా దిక్కు ఒక్కసారి చూశావు. నేను తల వంచుకొని నూలు కండె చుట్టుకుంటూ కూర్చున్నాను. నువ్వు ఏమీ అడగలేదు. ఆ రోజు నుంచి అత్త నిన్ను గంగాళం దగ్గరికి రానియ్యలేదు. రంగు పని నాకిచ్చింది. నీకు కండెలు చుట్టడం మిగిలింది. ఆండాలు చేతి రంగు మంచిదని వాడకట్టంతా అన్నది. ఆ మాట నేను ముప్పై ఏండ్లకు పైగా విన్నాను అక్కా. నీ ముందే విన్నాను.

ఇంట్లో ఏ చీర రంగు తేలిపోయినా ఈనాటికీ పిల్లలు నవ్వులాటకు, "పెద్దమ్మ చెయ్యి పెట్టిందేమో" అంటారు. వాళ్లకు తెలియదు. నీకు తెలుసో తెలియదో నాకు తెలియదు. నేను అడగలేదు, నువ్వు అనలేదు.

అత్త పోయింది, ఆమెకు ఇక చెప్పలేను. అందుకని నిన్ను ఒకటి అడుగుతున్నాను. ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకొని మడిచి పెట్టెలో పెట్టుకోకు. నీ గుణం నాకు తెలుసు, అట్లే చేస్తావు. చేయకు. బావను, శ్రీనును, పద్మను కూర్చోబెట్టి, శ్రీనుతో మొదటి నుంచి గట్టిగా చదివించు. ఆ వాకిట్లోనే చదివించు. వాడకట్టు వాళ్లు ఎవరైనా వస్తే విననీ.

స్రవంతి నీకు మొక్కుతున్నానని రాయమన్నది. దాన్ని దీవించు, ఎనిమిది నెలలు నిలబడాలని దీవించు. రేష్మను కూడా దీవించు. బావకు నా దండాలు, శ్రీనుకు, పద్మకు ఆశీస్సులు. నీ మోకాళ్లకు నువ్వుల నూనె రాయించుకో. వచ్చేవాళ్ల చేత కొంచెం మన చింతకాయ తొక్కు పంపగలిగితే పంపు, లేకపోతే ఏమీ లేదు. నన్ను దీవిస్తావో తిడతావో నీ ఇష్టం, ఏదైనా నీ చేత్తో రాసి పంపు. నేను ఎదురు చూస్తుంటాను.

ఇట్లు,
ఆ ఎనిమిది చీరల రంగు చెడగొట్టిన నీ చెల్లె,
ఆండాలు.